బ్రేకు మీద కాలు

"తొక్కు," అన్నాడు గార్త్ కారు కింద నుంచి.

మార్లీన్ తొక్కింది. పెడల్ మెత్తగా నేలదాకా దిగింది.

"దిగింది," అంది.

"అలాగే పట్టి ఉంచు. చెప్పేదాకా వదలకు."

పట్టి ఉంచింది. కింద స్పానర్ కిర్రుమంది. సీసాలోకి బ్రేక్ ఆయిల్ బుడబుడమని కారిన చప్పుడు వినిపించింది. మళ్ళీ స్పానర్ బిగిసింది.

"వదులు."

వదిలింది. మళ్ళీ తొక్కమన్నాడు, మళ్ళీ తొక్కింది. పైపుల్లో చేరిన గాలి పోయేదాకా ఇదే వరస. ఈ పనికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు కింద పడుకుని సీసాలో బుడగలు చూడాలి. ఇంకొకరు పైన కూర్చుని ఏమీ చూడకుండా, చెప్పినప్పుడు తొక్కి చెప్పినప్పుడు వదలాలి. రెండోది ఏ పాటి పని అనుకుంటారు, ఎప్పుడూ చెయ్యని వాళ్ళు.

పదేళ్ళకు పైగా ఈ షెడ్డులో ఆమె పని అది. బ్రేకులే కాదు, క్లచ్ సర్దినప్పుడు క్లచ్ మీద కాలు, లైట్లు సర్దినప్పుడు స్విచ్ మీద చెయ్యి. ఆ డ్రైవరు సీట్లో ఆమె కూర్చున్నన్ని గంటలు గార్త్ కూడా కూర్చుని ఉండడు. బండి మాత్రం ఆమె కింద అంగుళం కూడా కదల్లేదు. ఎదురుగా కనిపించేది షెడ్డు రేకు గోడ, దాని మీద మేకులకి వేలాడే పాత రేడియేటరు గొట్టాలు. ఏ గొట్టం ఎక్కడ పగిలిందో ఆమె కళ్ళు మూసుకుని చెప్పగలదు.

"అయిపోయింది," అంటూ గార్త్ అట్టముక్క మీద జారుతూ బయటికి వచ్చాడు. లేవడానికి బంపరు పట్టుకోబోయి, కొత్త క్రోమియం గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మార్లీన్ దిగి వచ్చి చెయ్యి అందించింది. అరవై దాటిన మోకాళ్ళు రెండూ టప్పుమన్నాయి.

"బాగుంది కదూ," అన్నాడు కారు వంక చూస్తూ.

బాగుంది. కాదనడానికి లేదు. యాభై అయిదు మోడల్ హోల్డెన్, లేత బూడిద రంగు, నిగనిగలాడుతోంది. ఆదివారం పాత కార్ల క్లబ్బు వాళ్ళు ముర్రే నది దాకా బారులు తీరి వెళ్తారు. ఆ వరసలో ఇది మొదటిసారి నిలబడబోతోంది.

"ఆదివారం ఎర్విన్ మలుపు మీదుగానేగా వెళ్ళేది?" అని అడిగింది మార్లీన్.

"అదేగా దారి," అన్నాడు గార్త్, గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ.

ఎర్విన్ ఆమె తండ్రి. ఆ మలుపు పక్క పొలం ఇప్పుడు వేరేవాళ్ళది, పేరు మాత్రం ఆయనదే మిగిలింది. కారూ ఆయనదే. ఈ కారులో ఆ మలుపు ఒక్కసారి తను నడుపుకుంటూ తిరగాలన్నదే ఆమె కోరిక. ఇంజను ఎక్కించాక అన్నాడు గార్త్. ఎక్కించాడు. రంగు పడ్డాక అన్నాడు. పడింది. ఇక వాయిదా వెయ్యడానికి ఏమీ మిగల్లేదు కదా అనుకుంది.

శుక్రవారం పొద్దున జిల్లా పత్రిక నుంచి ఒకతను ఫోటో తియ్యడానికి వచ్చాడు. వయసు ముప్ఫైకి అటూ ఇటూ, మెడలో కెమెరా, కాళ్ళకి షెడ్డు దుమ్ము అంటుతుందేమోనని కొంచెం దిగులు. గార్త్ చొక్కా ఇస్త్రీ చేయించుకుని, దాని మీద మాసిన ఓవరాల్ తొడుక్కుని సిద్ధంగా నిలబడ్డాడు. పక్కింటి లిండ్సే కూడా వచ్చాడు. అతను క్లబ్బు కార్యదర్శి కాబట్టి ఎక్కడ కెమెరా ఉంటే అక్కడ ఉండడం తన బాధ్యత అనుకుంటాడు.

"ఎక్కడ దొరికింది సార్ ఈ బండి?" అడిగాడు పత్రికాయన.

"పాత షెడ్డులో. కోళ్ళు వెనక సీట్లో గుడ్లు పెట్టుకుంటున్నాయి. ఇంకో ఏడాది ఉంటే తుక్కుకి పోయేది. నేను లాక్కొచ్చి బతికించాను."

టీ పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చిన మార్లీన్ ఆగింది. దొరకడం ఏమిటి? నాన్న పెట్టిన చోటే ఉంది అది. దాని మీద గోనెసంచులు కప్పి, చక్రాల కింద దుంగలు పెట్టి, దీన్ని ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి మరీ పోయాడు.

"మొత్తం మీరొక్కరే చేశారా?"

"ఒక్కణ్ణే," అన్నాడు గార్త్. అబద్ధం చెబుతున్నవాడి గొంతు కాదది. అంతకన్నా కష్టమైనది, నిజంగా అలాగే అనుకుంటున్నవాడి గొంతు. "ఈ షెడ్డులోనే. బయట ఒక్క మేకు కూడా కొట్టించలేదు."

"సీట్లు కూడా?"

"సీట్లు, లోపలి పైకప్పు గుడ్డ, అన్నీ ఇంట్లోనే."

ఆ పైకప్పు గుడ్డకి మార్లీన్ ఒక చలికాలమంతా పెట్టింది. కుట్టుమిషను సూదులు పటపటా విరిగేవి. మెడ పైకెత్తి, నోట్లో క్లిప్పులు పెట్టుకుని, కప్పు అంచుల్లో గుడ్డ లాగి బిగిస్తుంటే గార్త్ కింద నిలబడి "ఎడమపక్క ముడత" అనేవాడు. నిజమే, ఇంట్లోనే జరిగింది.

లిండ్సే కారు ఎడమ తలుపు నిమిరాడు. "ఇక్కడ ఎంత సొట్ట ఉండేదనుకున్నారు? పొట్టేలు పొడిచిన సొట్ట. చూడండి ఇప్పుడు, అద్దంలా లేదూ."

ఆ సొట్ట ఉంచెయ్యమని మార్లీన్ అడిగింది అప్పట్లో. నాన్న ఎవరు వచ్చినా దాన్ని చూపించి పొట్టేలు కథ చెప్పేవాడు. సొట్ట ఉంచుకుని రంగు వేసే పిచ్చివాడు ఎక్కడైనా ఉంటాడా అన్నాడు గార్త్.

పత్రికాయన కెమెరా కంటికి ఆనించి, మళ్ళీ దించాడు. "అమ్మా, ఏమీ అనుకోకండి. మీ నీడ తలుపు మీద పడుతోంది. కాస్త పక్కకి జరుగుతారా?"

జరిగింది. పళ్ళెంలో కప్పులు గలగలలాడాయి. గార్త్ బానెట్ మీద చెయ్యి వేసి నవ్వాడు.

"ఆదివారం మీరే నడుపుతారా?"

"నేనే. పక్కన లిండ్సే దారి చూస్తాడు. మా ఆవిడ వెనకాల కొత్త కారులో వస్తుంది, సామాన్లు, నీళ్ళు, శాండ్‌విచ్‌లు తీసుకుని. క్లబ్బులో ఆడవాళ్ళంతా అంతే, వెనక బండి వాళ్ళదే."

"అయితే మీదే అసలు పని అన్నమాట," అన్నాడు పత్రికాయన మార్లీన్‌తో, మర్యాదకి.

"టీ చల్లారిపోతుంది," అంది మార్లీన్.

మధ్యాహ్నం వంటింట్లో ఆ సంగతి ఎత్తింది. అరిచే ఓపిక లేదు. బంగాళాదుంపల చెక్కు తీస్తూనే అడిగింది.

"ఆదివారం నేను నడుపుతానన్నాను."

"ఎప్పుడన్నావు?"

"రంగు వేసినప్పుడు. సరే అన్నావు."

"ఏదో మాటవరసకి అనుంటాను." గార్త్ కుర్చీలో సర్దుకున్నాడు. "ఆ గేరు స్టీరింగు పక్కన ఉంటుంది మార్లీన్. రెండోది వేసేటప్పుడు కొంచెం కిటుకుంది."

"నాకు చెబుతున్నావా ఆ కిటుకు? పన్నెండేళ్ళప్పుడు కోసేసిన గోధుమ చేలో ఆ బండి తిప్పాను, కింద దిండు వేసుకుని. నువ్వు అప్పటికి సైకిలు తొక్కుతున్నావో లేదో."

"అది పొలం. గుద్దితే కంచె పోతుంది అంతే. ఇది రోడ్డు. ముందూ వెనకా ఇరవై బండ్లు ఉంటాయి, అందరూ చూస్తుంటారు."

"అదీ అసలు విషయం. అందరూ చూస్తుంటారు."

"వచ్చేసారి నడుపుదువుగాని. ముందు ఒకసారి సాఫీగా పోయి రానీ," అన్నాడు.

వచ్చేసారి. మార్లీన్ చాకు కింద పెట్టి చేతులు కడుక్కుంది. బ్రేక్ ఆయిల్‌తో పగిలిన వేళ్ళ కొసలు సబ్బుకి చురుక్కుమన్నాయి. ఆమెకి కోపం కన్నా నీరసం ఎక్కువ వచ్చింది. వయసు వల్ల వచ్చిన నీరసం కాదది, ఒకే మాట విని విని వచ్చింది.

సాయంత్రం గార్త్ వెనక ఎడమ చక్రం దగ్గర నేల మీద తడి చూశాడు. చక్రం లోపలి బ్రేకు సిలిండరు కారుతోంది. కొత్తది అతని దగ్గర ఉంది. పొద్దున మార్చేస్తే సరిపోతుందన్నాడు.

శనివారం పొద్దున మార్లీన్ దండెం మీద దుప్పట్లు ఆరేస్తుంటే షెడ్డులోంచి పిలుపు వచ్చింది.

"మార్లీన్, ఒక్క నిమిషం రా. గాలి తీయాలి."

ఆమె దుప్పటి అంచులు సమానం చేసి క్లిప్పు పెట్టింది.

"మార్లీన్."

"విన్నాను. నువ్వొక్కడివే చేశావుగా మొత్తం," అంది అక్కణ్ణుంచే. గొంతు పెంచలేదు. "ఇదీ చేసుకో."

గార్త్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, చేతిలో స్పానరుతో, బిక్కమొహంతో. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. పెడల్‌కీ సీటుకీ మధ్య కర్ర పెట్టి ప్రయత్నించిన చప్పుడు వినిపించింది ఆ తర్వాత. కర్ర జారి పడిన చప్పుడూ వినిపించింది. చివరికి కంచె మీదుగా లిండ్సేని కేక వేశాడు.

లిండ్సే టీ కప్పుతో సహా వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. మార్లీన్ వంటింటి కిటికీ దగ్గర రేపటికి రొట్టెలు కోస్తోంది. షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉండడంతో అన్నీ వినిపిస్తున్నాయి.

"తొక్కు."

"తొక్కా."

"పట్టు. ... నేను చెప్పకుండా ఎందుకు వదిలావురా?"

"కాలు పీకింది."

"ఇంకా స్పానరు బిగించనేలేదు, అప్పుడే పీకిందా? ఇందాకటి దాకా తీసిన గాలంతా మళ్ళీ లోపలికి పోయింది."

"నీ బండిలో కూర్చోవడానికే చోటు లేదు, కాలు ఎక్కడ పెట్టుకోను?"

"మార్లీన్ కూర్చోదూ?"

"అయితే మార్లీన్‌నే పిలుచుకో."

మళ్ళీ మొదలుపెట్టారు. ఒక డబ్బా ఆయిల్ అయిపోయి రెండో డబ్బా తెరిచారు. నాలుగు చక్రాలూ తిరిగి వచ్చారు. "ఎలా ఉంది?" అని గార్త్ అడిగినప్పుడల్లా లిండ్సే "కిందికి పోతోంది" అనే ఒక్క మాటే చెప్పాడు. మధ్యాహ్నానికి లిండ్సే తన టీ కప్పు వెతుక్కుని, ఈ ఏటికి రాసిపెట్టి లేదనుకో అని వెళ్ళిపోయాడు.

మార్లీన్ కోసిన రొట్టెల మీద తడిగుడ్డ కప్పింది. కిటికీలోంచి చూస్తే గార్త్ తిరగేసిన డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. చేతులు మోకాళ్ళ మధ్య వేలాడుతున్నాయి. అలా కూర్చున్న మనిషిని చూస్తే ఆమెకి ఎప్పుడూ జాలేసేది. ఇప్పుడూ వేసింది. ఆ జాలి మీదే ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ తనని ఆ సీట్లో కూర్చోబెట్టింది అదే.

చేతులు తుడుచుకుని షెడ్డుకి నడిచింది.

"రేపు కుదరదు," అన్నాడు గార్త్ తల ఎత్తకుండా. "ఎక్కడో గాలి పట్టేస్తోంది. సిలిండరే పాడైందేమో. క్లబ్బు వాళ్ళకి చెప్పేస్తాను."

మార్లీన్ డ్రైవరు సీట్లోకి ఎక్కింది. చెప్పు విప్పి, వట్టి కాలితో బ్రేకు తొక్కింది. పెడల్ చాలా కిందికి పోయింది. కానీ కింద మెత్తగా లేదు. రాయి మీద కాలు పెట్టినట్టు ఆగింది. గబగబా రెండుసార్లు తొక్కింది. ఈసారి పైనే ఆగింది, అంతే గట్టిగా.

"గాలి కాదు," అంది.

"కిందికి పోతోందిగా."

"పోతోంది. కానీ పోయి గట్టిగా ఆగుతోంది. గాలి ఉంటే మెత్తగా ఉంటుంది, కాలిని వెనక్కి తంతుంది. కొత్త బ్రేకు షూలు వేశావా వెనక?"

"సిలిండరుతో పాటు వేశాను, రెండు చక్రాలకీ."

"డ్రమ్ముకి దగ్గరగా సర్దావా?"

గార్త్ ఇప్పుడు తలెత్తాడు. బ్రేకు షూలు చక్రంతో పాటు తిరిగే డ్రమ్ముకి దూరంగా ఉంటే అవి అక్కడిదాకా పోవడానికే పెడల్ సగం అయిపోతుంది. ఆ సంగతి అతనికి తెలియక కాదు. గాలి తీశాక సర్దుదామని ఊరుకున్నాడు. పెడల్ మీద మార్లీన్ కాలు ఉంటే పొద్దున్నే తెలిసేది. అతని కాలు ఆ పని ఎప్పుడూ చెయ్యలేదు.

"నాన్న ముందు షూలు సర్ది, తర్వాత గాలి తీసేవాడు," అంది మార్లీన్. "ఆయనకీ నేనే తొక్కేదాన్ని."

గార్త్ లేచి స్పానరు అందుకుని అట్టముక్క వైపు వంగాడు. మార్లీన్ కారు దిగి అతని చేతిలోంచి స్పానరు తీసుకుంది.

"నువ్వెక్కు."

"నేనా?"

"కింద నేను చూసుకుంటాను."

"నీ నడుము..."

"నా నడుము సంగతి నాకు తెలుసు. ఎక్కు."

ఆమె ఇంతవరకు కారు కిందికి వెళ్ళలేదు. అట్టముక్క మీద వెల్లకిలా పడుకుని లోపలికి జారాక, ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది. అడుగుభాగమంతా నున్నగా నల్లరంగు వేసి ఉంది. ప్రతి బోల్టూ తుడిచి, ప్రతి పైపూ వంపు తిరిగిన చోట చిన్న రబ్బరు తొడిగి ఉంది. ఎవరూ వంగి చూడని చోట ఇంత పని చేశాడు. గార్త్ ఈ బండిని ప్రేమించాడు, అందులో అనుమానం లేదు. తనని కూడా ఈ కారు సామాన్లతో పాటే లెక్కేసుకున్నాడు. రెండూ నిజమే. ఆమెకి దుఃఖం వచ్చింది కానీ వెల్లకిలా పడుకున్నప్పుడు కన్నీళ్ళు చెవుల్లోకి పోతాయి. తల అడ్డంగా తిప్పుకుని పని చూసుకుంది.

చక్రం వెనక పళ్ళెం మీద షూలని సర్దే మర ఉంటుంది. దాన్ని బిగిస్తూ రెండో చేత్తో చక్రం తిప్పింది. చక్రం పట్టేసింది. కొంచెం వెనక్కి తిప్పింది. చక్రం వదులైంది, లోపల ఎక్కడో సన్నగా రాసుకుంటూ.

"తొక్కు," అంది.

"తొక్కాను. ఎలా ఉంది?"

"పట్టి ఉంచు."

"ఏమైనా కనిపిస్తోందా?"

ఆమె మర ఎక్కడ నిలవాలో చూస్తోంది.

"మార్లీన్, ఏం చేస్తున్నావు? వదలనా?"

"చెప్పేదాకా వదలకు."

పైన సీటు స్ప్రింగు కిర్రుమంది. మనిషి కుదురుగా లేడు. ఇన్నేళ్ళలో తను పై నుంచి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదని మార్లీన్‌కి గుర్తొచ్చింది. అడగొచ్చని కూడా తోచలేదు.

"వదులు."

రెండో చక్రానికి జరిగింది. అదీ సర్దింది. ఆ తర్వాత వరసగా నాలుగు చక్రాల దగ్గరా ఒక్కోసారి గాలి తీసింది, సీసాలో ఒక్క బుడగ లేకుండా. పైన గార్త్ ప్రశ్నలు తగ్గి, తగ్గి, ఆగిపోయాయి. చెప్పినప్పుడు తొక్కాడు, చెప్పినప్పుడు వదిలాడు.

"ఇప్పుడు తొక్కి చూడు."

తొక్కాడు.

"పైనే ఆగింది," అన్నాడు. ఆ గొంతులో ఆనందం కన్నా అలసట ఎక్కువ ఉంది. "ఇక్కడ కూర్చుంటే కింద ఏం జరుగుతోందో ఏమీ తెలియదు, కదూ."

"తెలియదు."

మార్లీన్ బయటికి జారి, డ్రైవరు తలుపు పట్టుకుని లేచింది. జుట్టులో మట్టి, మోచేతికి నల్లటి గ్రీజు. కొత్త రంగు మీద ఆమె అయిదు వేళ్ళ ముద్రలూ పడ్డాయి. గార్త్ వాటిని చూశాడు. జేబులో గుడ్డ ఉంది, తియ్యలేదు.

స్టాండ్లు పక్కకి లాగి, జాకీలు దించారు. గార్త్ అలవాటుగా డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చాడు. మార్లీన్ అప్పటికే అక్కడ ఉంది.

"రోడ్డు మీద చూడాలి," అన్నాడు.

"అందుకే. ఆ పెడల్ ఎలా ఉండాలో నా కాలికి తెలుసు."

గార్త్ ఒకసారి ఆమె మొహం వంక, ఒకసారి తలుపు మీది ముద్రల వంక చూశాడు. వద్దనడానికి అతని దగ్గర ఉన్న కారణాలన్నీ పాతవైపోయాయి. కారు ముందు నుంచి చుట్టూ తిరిగి ఎడమ తలుపు తెరుచుకుని కూర్చున్నాడు. ఆ పక్క కూర్చోవడం అతనికి అదే మొదటిసారి. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తోచక, ఒకప్పుడు సొట్ట ఉన్న చోట ఆనించాడు. తల ఎత్తి పైకప్పు గుడ్డ వంక చూశాడు, అంచు నుంచి అంచు దాకా.

"ఎక్కడా ముడత లేదే," అన్నాడు.

"లేదు."

ఇంజను అందుకుంది. మార్లీన్ గేరు వెనక్కి వేసి, షెడ్డులోంచి వెలుగులోకి బండి తీసింది. లిండ్సే తన ఇంటి ముందు గొట్టంతో నీళ్ళు పెడుతూ చూసి, గొట్టం కాలి మీద పెట్టుకుని నిలబడిపోయాడు.

"రేపు వెనక బండి ఎవరు నడుపుతారు మరి?" అడిగాడు గార్త్, కొంచెం దూరం పోయాక.

"లిండ్సే. శాండ్‌విచ్‌లు నేనే చేశాను, తేవడమేగా అతని పని."

గార్త్ నవ్వాలా వద్దా అని చూసి, ఊరుకున్నాడు. రెండో గేరు మెత్తగా పడింది. అతను ఏ కిటుకూ చెప్పలేదు.

ఊరు దాటాక అటూ ఇటూ గోధుమ చేలు, ఇంకా పచ్చగానే ఉన్నాయి. మలుపు రాకముందే, దూరం నుంచే, మార్లీన్ రెండుసార్లు హారన్ కొట్టింది. నాన్న అక్కణ్ణుంచే కొట్టేవాడు. అది విని అమ్మ పొయ్యి మీద కెటిల్ పెట్టేది. ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకి అది ఏదో బండి హారను. అయినా కొట్టింది.

అక్కణ్ణుంచి రోడ్డు పల్లంలోకి దిగి, ఒక్కసారిగా ఎడమకి తిరుగుతుంది. బండి వేగం అందుకుంది. గార్త్ కుడికాలు ముందుకి జరిగింది. వట్టి నేలని, అక్కడ లేని బ్రేకుని, బలంగా తొక్కాడు.

మార్లీన్ ఆ కాలు చూసింది. తన పాదం కింద పెడల్ పైనే, గట్టిగా, తను ఉంచిన చోటే ఆగింది. బండి నెమ్మదించింది.

"వదులు గార్త్," అంది. "నేను తొక్కుతున్నాను."